సముద్రంలోంచి చూస్తే రుషికొండ

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో సముద్రం ఒడ్డునున్న రుషికొండ అనగానే ఇప్పుడు ఎవరికైనా గుర్తొచ్చేవి బాత్‌టబ్బు, పాలరాయి, షాండ్లియర్లు, ఎన్ని వందల కోట్లు అనే లెక్క. ఆ కొండని తవ్వి గత ప్రభుత్వం కట్టిన భవనాల గేట్లు 2024 జూన్‌లో తీసి కెమెరాలు లోపలికి వెళ్ళిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, మా ఫ్యామిలీ గ్రూపులో, ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, ఎక్కడ ఈ మాట వచ్చినా రెండు నిమిషాల్లో అది నువ్వు ఏ పార్టీ అనే గొడవలోకి వెళ్ళిపోతుంది. కొండ గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అది ఎలా ఉండేది, దాని వాలు మీద ఏం మొలిచేవి, వాన పడితే నీళ్ళు ఎటు పోయేవి, కింద పేటల్లో ఉన్న జాలరి వాళ్ళకి అది దేనికి పనికొచ్చేది, ఇవేవీ ఎవరి నోటా రావు. నేను భీమిలి అమ్మమ్మగారింటికి వెళ్తూ వస్తూ ఆ కొండని చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసినంత రాద్దామని కూర్చున్నాను, పెద్ద పోస్టే అవుతుంది, ఓపికగా చదవండి.

మా నాన్నగారు షిప్‌యార్డులో పని చేసేవారు, మేం గాంధీగ్రామ్‌లో ఉండేవాళ్ళం. తొంభైల మొదట్లో మాట. ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ రెండు సంచుల్నీ వేసుకుని భీమిలి బస్సెక్కేది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ కావాలని మా ఇద్దరికీ పోట్లాట, ఎందుకంటే సముద్రం అటే ఉంటుంది. అప్పూఘర్ దాటాక జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, అప్పట్లో అంతా ఖాళీ, రోడ్డు పక్కన ఇసుక, తాటిచెట్లు, సరుగుడు తోటలు, మధ్యలో పేటల దగ్గర వలలు ఆరేసి ఉండేవి, బస్సు ఆగితే చాలు ఎండుచేపల వాసన గుప్పున కొట్టేది. సాగర్‌నగర్ దాటిన కాసేపటికి కుడివైపు సముద్రం కనపడటం మానేసి కొండ వచ్చేది. నాకు ఆ కొండ మీద కోపంగా ఉండేది చిన్నప్పుడు, సముద్రాన్ని దాచేస్తోందని. నున్నటి కొండ కాదు అది, నిండా తుప్పలు, మధ్యమధ్యలో ఎర్రగా తేలిన రాయి, వాన పడ్డ నెలల్లో పచ్చగా, వేసవిలో గోధుమరంగులో ఉండేది. కొండ దాటగానే ఒక్కసారిగా వంపు తిరిగిన బీచ్ కనపడేది, నీలం అంతా బస్సులోకి వచ్చేసినట్టుండేది, అందుకే తర్వాత ఆ కొండ మీద కోపం పోయిందేమో, అది అడ్డుండబట్టే కదా అవతల అలా కనపడింది.

కొండ మీద అప్పటికే టూరిజం వాళ్ళ కాటేజీలుండేవి. పున్నమి అనేవాళ్ళు, తర్వాత హరిత అయింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను ఎందుకంటే కొంతమంది, రుషికొండ అంటే మనిషి అడుగు పెట్టని అడవి అన్నట్టు మాట్లాడతారు, అది నిజం కాదు. కాటేజీలుండేవి, క్యాంటీను ఉండేది, మా పెదమామయ్య పెళ్ళికి హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్ళని అక్కడే దింపారు. మేం పిల్లలం వాళ్ళని చూసే నెపంతో పైకెక్కి గోడ మీద కూర్చుని సముద్రం చూస్తూ పకోడీలు తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు, రూమ్ తీసుకున్నారా అని కూడా అడగలేదు. ఆ కాటేజీలు పైన చదునుగా ఉన్న చోట, చెట్లకన్నా కొంచెం ఎత్తులో, ఎక్కడికక్కడ విడివిడిగా ఉండేవి. కింద నుంచి చూస్తే ముందు కొండే కనిపించేది, కాస్త వెతుక్కుంటే కాటేజీలు కనిపించేవి. రిసార్ట్ అనేది ఉండకూడదని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. కొండని బట్టి కట్టడం వేరు, బిల్డింగుకి కావలసినట్టు కొండని చెక్కడం వేరు, నా బాధంతా ఈ రెండో దాని గురించే.

అమ్మమ్మ వాళ్ళింటికి రోజూ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ చేపలు తెచ్చేది. మేం చేపల పిన్ని అనేవాళ్ళం, అమ్మమ్మ ఆవిణ్ణి అమ్మీ అని పిలిచేది, ఆవిడ అమ్మమ్మని అమ్మగోరు అనేది. కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు, ఎప్పుడైనా పండగకో చుట్టాలొస్తేనో వంజరం. బేరం అయిపోయాక అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించి, మంట నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగుతూ లోకం మీద కబుర్లన్నీ చెప్పేది. వాళ్ళాయన తెప్ప మీద వేటకెళ్ళేవాడు. మా తమ్ముడు ఎప్పుడూ ఆయన వెంట పడేవాడు నన్నూ తీసుకెళ్ళమని, ఒకసారి సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు ఆయన మా మామయ్యని అడిగి, మామయ్య కూడా వస్తే మమ్మల్ని పడవెక్కించుకున్నాడు. ఎంత దూరం వెళ్ళామో తెలీదు, నాకు భయంతో కళ్ళు తిరిగాయి. అప్పుడు ఆయన నన్ను కుదురుగా కూర్చోబెట్టడానికి అన్నాడో ఏమో, "నీళ్ళకేసి సూడకమ్మీ, ఒడ్డుకేసి సూడు, కొండలు సూడు" అన్నాడు.

ఒడ్డుకేసి చూస్తే ఇళ్ళూ చెట్లూ అన్నీ ఒక గీతలా అయిపోయాయి, కొండలు మాత్రం నిలబడి ఉన్నాయి. భీమిలి వెనక పావురాళ్ళ కొండ, దక్షిణం వైపు రుషికొండ, దాని వెనకాల ఇంకా దూరంగా సింహాచలం వైపు కొండలు, ఆ చివర మసకగా డాల్ఫిన్స్ నోస్. ఆయన అప్పుడు చెప్పాడు వేట చోటు ఎలా పట్టుకుంటారో. ఒడ్డు మీద కొండ కొస వెనకాల ఉన్న కొండలో ఫలానా మడత మీదకి వచ్చేదాకా పడవ నడుపుతారు, అది ఒక గీత. రెండోవైపు ఇంకో కొండా ఇంకో గుడో అలాగే కలుస్తుంది, అది రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట నీళ్ళ కింద రాళ్ళుంటాయి, రాళ్ళ దగ్గర చేపలుంటాయి. ప్రతి మంచి చోటుకీ ఇలా ఒక గురుతు ఉంటుంది, తండ్రి కొడుక్కి చెప్తాడు, బయటివాళ్ళకి చెప్పరు. "కొండ కదల్దు కదమ్మీ, అందుకే దాన్ని నమ్ముతాం" అన్నాడు. నాకప్పుడు పన్నెండో పదమూడో ఏళ్ళు, అప్పటిదాకా కొండ అంటే ఎక్కడానికో చూడటానికో అనుకునేదాన్ని, అది సముద్రం మీద మనిషికి దారి చూపిస్తుందని ఆ రోజే తెలిసింది. మన విశాఖ తీరంలో జాలరి వాళ్ళు తరతరాలుగా ఇలాగే చోట్లు గుర్తుపెట్టుకున్నారని తర్వాత చదివాను కూడా. ఇప్పుడు ఫోన్లో జీపీఎస్ ఉంది, మరబోట్ల వాళ్ళకి కొండతో పని లేదు, నిజమే. కానీ ఆ తెలివంతా కొండల ఆకారం మీద ఆధారపడి పుట్టింది, ఆ ఆకారం మార్చేటప్పుడు ఒక్కసారైనా ఆ పేటల్లో ఎవర్నైనా పిలిచి అడిగి ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది.

ఇంకో విషయం, నీళ్ళు. మా అమ్మమ్మ వాళ్ళ చుట్టాలిల్లు ఒకటి చేపలుప్పాడ వైపు ఉండేది, సముద్రానికి బాగా దగ్గర, ఇసుకలో బావి. నాలుగు మూరలు చేదేస్తే నీళ్ళు, తియ్యటి నీళ్ళు. అంత దగ్గర్లో ఉప్పు సముద్రం పెట్టుకుని బావిలో తియ్యటి నీళ్ళేంటని అడిగితే తాతయ్య చెప్పలేకపోయారు, గంగమ్మ తల్లి దయ అన్నారు. తర్వాత తెలిసింది, ఇసుక దిబ్బలు వాననీళ్ళని పీల్చుకుని పట్టుకుంటాయి, మంచినీళ్ళు ఉప్పునీళ్ళకన్నా తేలిక కాబట్టి కింద ఉప్పునీళ్ళ మీద ఒక పొరలా తేలుతూ ఉంటాయి, కొంచెం కొంచెంగా తోడుకుంటే ఏళ్ళ తరబడి ఉంటాయి, బోర్లు వేసి మోటార్లతో గుంజితే ఆ పొర అయిపోయి కింద ఉప్పు పైకొస్తుంది, ఒకసారి వచ్చిందంటే మళ్ళీ తియ్యబడటానికి ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేం. దిబ్బలు చదును చేస్తే అసలు నీళ్ళు ఇంకడమే తగ్గిపోతుంది. స్విమ్మింగ్ పూలు, లాన్లు, రోజూ మార్చే దుప్పట్లు ఉతికే లాండ్రీ, ఒక పెద్ద రిసార్టుకి ఎంత నీళ్ళు కావాలో ఆలోచించండి. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు, వాడాక ఎక్కడికి పంపుతారు అనే రెండు ప్రశ్నలకి జవాబు దొరికాకే కదా మిగతావి మాట్లాడుకోవాలి.

ఎర్రమట్టి దిబ్బల గురించి రాయకుండా భీమిలి జ్ఞాపకాలు ఉండవు. భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందు, రోడ్డు పక్కనే. మా మామయ్యలు సైకిళ్ళ మీద తీసుకెళ్ళేవారు. లోపలికి వెళ్తే ఎర్రటి గోడల మధ్య సన్నటి దారులు, కొన్నిచోట్ల తలెత్తి చూడాల్సినంత ఎత్తు, కింద మెత్తటి ఎర్రిసుక, ఎవరైనా అరిస్తే గొంతు ఎటు నుంచి వస్తోందో తెలిసేది కాదు. ఇంటికొచ్చాక తెల్ల గౌనుకి పట్టిన ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు, అమ్మ తిట్టేది. కొన్ని సినిమాల్లో పాటలు కూడా అక్కడ తీశారు కాబట్టి చాలామందికి ఆ చోటు తెలుసు, కానీ అదేమిటో తెలీదు. అది మామూలు మట్టిగుట్ట కాదండీ. మంచుయుగంలో సముద్రం వెనక్కి వెళ్ళినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి పోగేసి, వేల ఏళ్ళలో ఆ ఇసుక రేణువులకి ఇనుము తుప్పు పూతలా పట్టి ఎర్రబడి, వాననీళ్ళు కోసి కోసి ఆ లోయలు చేశాయి. మన కొండల్లో ఉండే ఖోండలైట్ రాయి అరిగి వచ్చినవే అందులో చాలా భాగం. దక్షిణాసియా మొత్తంలో ఇలాంటివి తమిళనాడులో తేరి ఇసుక దిబ్బలు, శ్రీలంకలో కొన్ని, ఇంక మనవి, అంతే. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబర్‌లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది, తిరుమల కొండలతో పాటే. చదివినప్పుడు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత పేరొచ్చిన చోటు పక్కనే 2024 జూలైలో మెషిన్లు పెట్టి చదును చేస్తున్నారని ఫొటోలొచ్చాయి, జనం గొడవ చేస్తే ఆపారు. కంచె వేసిన ముక్క ఒక్కటే దిబ్బ కాదు, చుట్టూ ఉన్న నేలంతా దానిలో భాగమే, పైనుంచి వచ్చే వాననీళ్ళ దారి మార్చేస్తే కంచె లోపల ఉన్నది కూడా మిగలదు. ఆ మట్టి ఎంత వదులుగా ఉంటుందో అక్కడ చెయ్యి పెట్టి గీకిన ఏ పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

తాబేళ్ళు. డిసెంబర్, జనవరి దాటాక పొద్దున్నే బీచ్‌కి వెళ్తే ఇసుకలో ట్రాక్టర్ వెళ్ళినట్టు గుర్తులుండేవి, నీళ్ళలోంచి పైకి, మళ్ళీ నీళ్ళలోకి. ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రి ఒడ్డుకొచ్చి గొయ్యి తీసి వంద దాకా గుడ్లు పెట్టి పూడ్చేసి వెళ్ళిపోతుంది, తాను పుట్టిన తీరానికే తిరిగొస్తుందంటారు. నెలన్నర, రెండు నెలల తర్వాత పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి, మామూలుగా ఆ వెలుతురు సముద్రం మీద ఆకాశానిది. ఒడ్డు వైపు ఫ్లడ్ లైట్లుంటే రోడ్డు మీదకి వచ్చేస్తాయి. ఇప్పుడు ఫారెస్టు వాళ్ళు, కొంతమంది కుర్రాళ్ళు, మత్స్యకారులే కలిసి గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టి పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు, జోడుగుళ్ళపాలెం దగ్గర, ఇంకా చాలా చోట్ల. వాళ్ళకి నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కానీ హేచరీ పెట్టాల్సి రావడమే బీచ్ పాడైందని చెప్పడం. ఒకవైపు ప్రభుత్వం డబ్బుతో గుడ్లు కాపాడుతూ, ఇంకోవైపు అదే తీరంలో రాత్రంతా లైట్లూ డీజేలూ ఉండే వాటికి అనుమతులివ్వడం ఏం పద్ధతో నాకర్థం కాదు.

ఇంక చట్టం సంగతి. సీఆర్‌జెడ్, అంటే తీరంలో ఎక్కడ కట్టొచ్చో ఎక్కడ కట్టకూడదో చెప్పే నియమాలు, ఏదో కొత్తగా వచ్చిన అడ్డంకి అన్నట్టు మాట్లాడేవాళ్ళకి చెప్తున్నాను. 1981లో ఇందిరాగాంధీ తీరప్రాంత రాష్ట్రాల ముఖ్యమంత్రులందరికీ ఉత్తరం రాశారు, పోటప్పుడు నీళ్ళొచ్చే చివరి గీత, అంటే పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా బీచ్‌ని ఖాళీగా ఉంచాలని. పదేళ్ళ తర్వాత 1991లో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద మొదటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. పల్లెటూళ్ళ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు వద్దన్నారు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు, ఇసుక దిబ్బలు, మడ అడవులు లాంటివి అన్నిటికన్నా గట్టి రక్షణలో పెట్టారు. తర్వాత సవరణల మీద సవరణలు, 2011లో ఒకసారి మొత్తం తిరగరాశారు, 2018 చివర్లో ఇంకోసారి తిరగరాసి 2019 జనవరిలో గెజిట్‌లో వేశారు. ఈ కొత్తదాంట్లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2161 దాటిన పల్లెల్లో ఆ 200 మీటర్లని 50 మీటర్లకి తగ్గించారు, బీచ్‌లోనే పోటు రేఖకి 10 మీటర్ల అవతల తాత్కాలిక టూరిజం షెడ్లు వేసుకోవచ్చన్నారు. 50 మీటర్లంటే ఎంత, మా చిన్నప్పటి స్కూల్ గ్రౌండులో సగం పరుగు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీచ్ రోడ్డు ఏమైందో, సరుగుడు చెట్లు ఎలా పడుకున్నాయో చూసినవాళ్ళెవరూ 50 మీటర్లు చాలంటారని నేననుకోను.

ఇక రుషికొండ. 2021 మేలో కేంద్రం సీఆర్‌జెడ్ అనుమతి ఇచ్చింది, పాత రిసార్ట్ స్థానంలో కొత్త రిసార్ట్ కట్టుకోవడానికి. టూరిజం వాళ్ళ చేతిలో ఉన్నది 61 ఎకరాలు, ప్రాజెక్టు అని చెప్పింది 9.88 ఎకరాలు. పాత కాటేజీలు పడగొట్టారు, కొండని తవ్వారు. ఎమ్మెల్యే వెలగపూడి రామకృష్ణబాబు, కార్పొరేటర్ మూర్తి యాదవ్ హైకోర్టుకెళ్ళారు, అప్పటి ఎంపీ రఘురామకృష్ణరాజు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. 2022 మేలో ట్రిబ్యునల్ పనులాపమంది, జూన్ 1న సుప్రీంకోర్టు, హైకోర్టు చూస్తుండగా ట్రిబ్యునల్‌లో విచారణ కుదరదని కొట్టేసి, పాత కట్టడాలున్న చోటా చదునైన చోటా మాత్రమే కట్టుకోండి, తవ్విన చోట వద్దు అంది. హైకోర్టు అడిగితే కేంద్ర పర్యావరణ శాఖ కమిటీ వచ్చి చూసి, ఉల్లంఘనలున్నాయని రిపోర్టిచ్చింది. ఇన్ని జరుగుతున్నా పని జరుగుతూనే ఉంది. కోర్టులో వాయిదాకీ వాయిదాకీ మధ్య కొండ తరిగిపోయింది. కట్టినవాళ్ళు టూరిజం అన్నారు, ప్రతిపక్షం సీఎం ఇల్లు అంది, అధికారుల కమిటీ సీఎం క్యాంపు ఆఫీసుకి బాగుంటుందంది, ప్రభుత్వం మారాక తలుపులు తెరిచి చూపించారు. వేంగి, కళింగ, గజపతి, విజయనగర అని బ్లాకులకి పేర్లు. అయ్యిన ఖర్చు సుమారు 450 కోట్లని పత్రికలు రాశాయి.

నేను ఆ పని మధ్యలో ఉండగా ఒకసారి అటు వెళ్ళాను, అమ్మని భీమిలి తీసుకెళ్తూ. కుడివైపు కిటికీ దగ్గర అమ్మని కూర్చోబెట్టాను. కొండ వచ్చింది, కానీ దాని ఒంటి నిండా ఆకుపచ్చ గుడ్డ. తవ్విన వాలు మీద చెట్లు లేవు కాబట్టి మట్టి జారకుండా పరదా పరిచారు. అమ్మ చాలాసేపు చూసి "ఏటే ఇది, కొండకి చీర కట్టేరా" అంది. నాకు మాట రాలేదు. ఖోండలైట్ కొండలు పైన బాగా అరిగి ఎర్రమట్టిలా ఉంటాయి, ఆ మట్టిని పట్టుకుని ఉంచేది తుప్పల వేళ్ళే, ఎవరూ నీళ్ళు పోయకుండా ఎవరూ కాపలా కాయకుండా వందల ఏళ్ళు అవి చేసిన పనికి ఇప్పుడు డబ్బు పెట్టి గుడ్డ కొనాల్సొచ్చింది. ఆ గుడ్డ ఎండకి చిరిగిపోతే మళ్ళీ కొనాలి.

మా మేనమామ కొడుకు, నాకు బావ వరస, భీమిలిలోనే ఉంటాడు, టూరిస్టులకి కార్లు తిప్పుతాడు. వాడితో ఈ విషయం మీద గట్టిగా వాదన జరిగింది. "నువ్వు హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని కొండ కొండ అంటావు, ఇక్కడ మా పిల్లలకి ఉద్యోగాలేవి, చేపలు పడట్లేదు, పేటలో కుర్రాళ్ళు చెన్నై పోతున్నారు, గుజరాత్ పోతున్నారు, రిసార్ట్ వస్తే కనీసం ఇంటి దగ్గర ఉంటారు కదా, భోగాపురం ఎయిర్‌పోర్టుతో ఇంకా వస్తారు జనం" అన్నాడు. వాడన్నదాంట్లో నిజముంది, ఉత్తరాంధ్ర వలసల గురించి తెలిసినవాళ్ళెవరూ కాదనలేరు, గుజరాత్ తీరంలో వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి దొరికిపోయి జైళ్ళలో మగ్గిన మన శ్రీకాకుళం కుర్రాళ్ళ సంగతి అందరికీ తెలుసు. నేను వాణ్ణి అడిగింది ఒకటే, నీ కారెక్కేవాళ్ళు ఏం చూడ్డానికొస్తున్నారు? కొండా, దిబ్బా, తొట్లకొండ మీద బౌద్ధుల స్తూపాలూ, మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన రాతి తోరణం, శుభ్రంగా ఉన్న బీచూ. రుషికొండ బీచ్‌కి 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు నువ్వే కదా ఫొటోలు పెట్టావు, 2025లో శుభ్రత లేదని కొన్నాళ్ళు అది పోయినప్పుడు తల తీసేసినట్టయిందన్నావు కదా. రూములు ఎక్కడైనా కట్టొచ్చు, రోడ్డుకి ఇవతల, ఊళ్ళో, తగరపువలస వైపు, భీమిలి పాత ఇళ్ళే బాగుచేసి అద్దెకివ్వొచ్చు, డచ్చి వాళ్ళ కాలం నాటి ఊరు, 1861 నాటి మునిసిపాలిటీ మనది, అందులో ఒక్క ఇల్లు బాగుచేస్తే ఆ డబ్బు ఊళ్ళోనే ఉంటుంది. కొండ మాత్రం ఇంకో చోట కట్టలేం. వాడు వెంటనే ఒప్పుకోలేదు, "మరి ఆ పాత ఇళ్ళకి లోన్ ఎవడిస్తాడు" అన్నాడు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. ఈ చర్చ జరగాల్సింది అక్కడే, టీవీల్లో బాత్‌టబ్ రేటు దగ్గర కాదు.

ఒక చోట మాత్రం వాడూ నేనూ ఒకటే అయిపోయాం. కిందటేడు పిల్లల్ని తీసుకుని బీచ్ రోడ్డులో ఒక పెద్ద రిసార్ట్ వెనకాల ఇసుకలో నడుస్తుంటే గార్డు వచ్చి ఇటు రాకూడదు, గెస్టులున్నారు అన్నాడు. తడి ఇసుకలో నడుస్తున్నాం మేం, అల పాదాలకి తగులుతోంది. సముద్రపు ఒడ్డు ఎవరికీ సొంతం కాదని మా బావ అతనికి నెమ్మదిగా చెప్తే అతనూ మా వైపు వాడే, పక్క పేట కుర్రాడు, "నాకు తెల్సన్నా, ఏం సెయ్యను, ఉద్యోగం" అన్నాడు. అతని తాత ఆ ఇసుకలోనే అలివి వల లాగుంటాడు. పేట మొత్తం రెండు వైపులా నిలబడి లాగాల్సిన వల అది, దానికి ఖాళీ ఒడ్డు కావాలి, తెప్పలు పెట్టుకోవడానికి చోటు కావాలి, చేపలు ఆరబెట్టుకోవడానికి చోటు కావాలి. మ్యాపులో అది ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది, అందుకే అందరి కళ్ళూ దాని మీదే. భీమిలి బీచ్‌లో అయితే ఇసుకలోనే కాంక్రీటు గోడ లేపేశారు, 2024లో హైకోర్టు చెప్తే గానీ విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ దాన్ని కూల్చడం మొదలుపెట్టలేదు. ఆ గోడ లేస్తున్నన్నాళ్ళూ రోజూ దాని పక్కనుంచే పడవలు దిగేవి, వాళ్ళు చెప్పిన మాట ఎవరూ వినలేదు, కోర్టు మెట్లెక్కే ఓపిక ఉన్న మనిషి ఒకరు దొరికేదాకా ఆగాల్సొచ్చింది.

ఇప్పుడు ఆ రుషికొండ బిల్డింగుల్ని ఏం చెయ్యాలా అని ఈ ప్రభుత్వం కూడా ఆలోచిస్తోంది, హోటల్ కంపెనీల పేర్లు వినిపిస్తున్నాయి. కూల్చమని నేననను, ఆ శిథిలాలు మళ్ళీ ఆ కొండ మీద నుంచే దింపాలి, ఇంకో గాయం. కానీ ఎవరికిచ్చినా కొన్ని షరతులు పెట్టమని అడగాలి మనం, ఏ పార్టీ వాళ్ళమైనా సరే. తవ్విన వాలు మీద గుడ్డ తీసి, అక్కడ ముందున్న తుప్పలే, ఊటీ నుంచి తెచ్చిన గడ్డి కాదు, ఇక్కడి తుప్పలే మళ్ళీ నాటాలి, బతికాయో లేదో ఏటేటా బయటివాళ్ళు లెక్కచూడాలి. కొండ మీదకి మామూలు జనం ఎక్కే దారి ఉండాలి, టికెట్ లేకుండా, మేం చిన్నప్పుడు ఎక్కినట్టు. తాబేళ్ళ నెలల్లో సముద్రం వైపు లైట్లు ఆర్పాలి. నీళ్ళు ఎక్కణ్ణుంచి, మురుగు ఎక్కడికి, రెండూ రాసి గేటు దగ్గర పెట్టాలి. తీరప్రాంత మ్యాపులు తెలుగులో, పెద్ద కాగితం మీద, ప్రతి పేటలో రామాలయం దగ్గర అంటించాలి, ఇప్పుడవి ఆన్‌లైన్‌లో పీడీఎఫ్‌లుగా ఉంటాయి, తెరిస్తే రంగురంగుల గీతలు, జాలరి పేటలో ఏ ముసలాయన చదవగలడు. అదే ముసలాయన్ని పడవెక్కించుకుని సముద్రంలోకి తీసుకెళ్ళి ఆ కొండ ఏ గీత ఎక్కడ మారిందో అడిగితే మీ మ్యాపుకన్నా వివరంగా చెప్తాడు.

చేపల పిన్ని వాళ్ళాయన పోయి చాలా ఏళ్ళయింది, వాళ్ళబ్బాయి ఇప్పుడూ వేటకెళ్తాడు. సంక్రాంతికి కలిసినప్పుడు అడిగాను, ఇప్పుడు రుషికొండ గురుతు ఎలా పెడుతున్నారు అని. "కొస అలాగే ఉందప్పా, పక్క వాలు మారిపోనాది, తెల్లగా బిల్డింగులు మెరుస్తన్నాయి, మా నాన్న సెప్పిన మడత కనపడట్లేదు" అన్నాడు. పాత ఫొటో ఏదైనా ఉంటే చూపిస్తే ఎక్కడ మారిందో గీసి చూపిస్తానన్నాడు కూడా. మా ఇంట్లో ఆల్బమ్‌లన్నీ వెతికాను, అన్నిట్లోనూ మేమే ఉన్నాం, వెనకాల కొండ ముక్కలు ముక్కలుగా ఉంది. అందుకే అడుగుతున్నాను, 2021కి ముందు తీసిన రుషికొండ ఫొటో, ముఖ్యంగా సముద్రం వైపు నుంచో, పడవలోంచో, జోడుగుళ్ళపాలెం ఒడ్డు నుంచో తీసినది మీ ఇళ్ళలో ఎవరి దగ్గరున్నా పంపండి, ఏ సంవత్సరమో ఏ వైపు నుంచో వెనకాల రాసి. మీ మొహాలు కత్తిరించేసినా పర్లేదు, కొండ ఒక్కటి చాలు. అన్నీ ఒకచోట పెట్టి ఆయన్ని కూర్చోబెట్టి గురుతులన్నీ గీయించి, ఈ వాలు మళ్ళీ ఎలా ఉండాలో టూరిజం వాళ్ళకీ కలెక్టరాఫీసుకీ అర్జీతో పాటు ఇస్తాం, మా బావ కూడా వస్తానన్నాడు.